ఇది ఏ రోగానికి పనిచేస్తుంది? చైనా చక్రవర్తుల కాలంలో విదేశీ సరుకులు

1706లో చైనా చక్రవర్తి కాంగ్‌షీ దగ్గరికి చాక్లెట్ గురించి ఒక నివేదిక వెళ్ళింది. రోమ్ నుంచి పోపు రాయబారిగా వచ్చిన టూర్నాన్ దగ్గర ఆ సరుకు ఉందని తెలిసి, అదేమిటో చెప్పమని చక్రవర్తి మనుషులు బీజింగ్‌లో ఉన్న, జెస్యూట్ అనే కాథలిక్ మత సంఘానికి చెందిన ఒక పాదిరీని అడిగారు. మందుల సంగతి తెలిసిన మనిషి కాబట్టి ఆయన వైద్యుల భాషలోనే చెప్పాడు. రుచికి తియ్యగానూ చేదుగానూ ఉంటుంది, ఒంటికి కాస్త వేడి చేస్తుంది, అమెరికా, ఫిలిప్పీన్స్‌లోని లూజాన్ వైపు దొరుకుతుంది, ఎనిమిది దినుసులు కలిపి చేస్తారు. రాగి పాత్రలోనో వెండి పాత్రలోనో పంచదార నీళ్ళు కాచి, అందులో దీన్ని వేసి, చెక్క కవ్వంతో చిలికి తాగాలి.

కాంగ్‌షీ చదివి పెదవి విరిచాడు. రుచీ గుణమూ రాశారు సరే, దేనికి పనిచేస్తుందో, ఏ రోగం తగ్గిస్తుందో రాయలేదేం? మళ్ళీ కనుక్కోండి, చాక్లెట్ మాత్రం పంపనక్కర్లేదు అని నివేదిక మీద రాయించాడు. మళ్ళీ అడిగితే పాదిరీ ఉన్నమాట చెప్పేశాడు: ఇది మందు కాదు, అమెరికాలో జనం టీ తాగినట్టు రోజుకు ఒకట్రెండుసార్లు తాగుతారు, ముసలివాళ్ళకూ అరుగుదల సరిగా లేనివాళ్ళకూ మంచిది. టీ పుట్టిన దేశంలో ఒక సరుకును ఇంతకన్నా నీరుగార్చే సిఫారసు ఉండదు. టీ లాంటిదే అయితే టీ ఉండగా అదెందుకు? చాక్లెట్ కథ అక్కడితో చాలాకాలం ఆగిపోయింది.

చైనా తలుపులు బిగించుకుని కూర్చుందనీ, బయటి సరుకంటే దానికి చిన్నచూపనీ చాలాకాలం నుంచి ఒక మాట చలామణీలో ఉంది. కానీ మింగ్ (1368-1644), చింగ్ (1644-1912) వంశాల కాలంలో ఆ దేశంలోకి వెళ్ళిన వస్తువులను ఒక్కొక్కటిగా చూస్తే ఆ మాట నిలబడదు. పొగాకు వెళ్ళింది, చిలగడదుంప వెళ్ళింది, మిరప వెళ్ళింది, గడియారాలు, క్వినైన్, ముక్కుపొడుం అన్నీ వెళ్ళాయి. కొన్ని పల్లెపల్లెకూ పాకాయి, కొన్ని రాజమందిరం గోడలు దాటలేదు. కాఫీ లాంటివి రేవు దగ్గరే చాలాకాలం పడి ఉన్నాయి. ఏది ఎక్కడిదాకా వెళ్ళిందన్నది రెండు సంగతుల మీద ఆధారపడింది. ఒకటి, అక్కడ దానికి ఖాళీగా ఉన్న పని ఏదైనా ఉందా అన్నది. రెండోది, దాన్ని మోసుకొచ్చింది ఎవరన్నది.

చాక్లెట్‌ను వద్దన్న ఆ కాంగ్‌షీయే అంతకు పదమూడేళ్ళ ముందు, 1693లో, మలేరియాతో మంచం పట్టాడు. ఆస్థాన వైద్యుల మందులు పట్టలేదు. ఫ్రెంచి పాదిరీలు క్వినైన్ ఉండే సింకోనా చెట్టు బెరడు ఇచ్చారు. దక్షిణ అమెరికా అడవుల బెరడు అది, చైనా వైద్యంలో దాని పేరు కూడా లేదు. ముందు వేరే రోగుల మీద వాడి చూశారు, తర్వాత పెద్ద అధికారులు రుచి చూశారు, ఆ తర్వాతే చక్రవర్తి పుచ్చుకున్నాడు. జ్వరం తగ్గింది. అందుకు బదులుగా రాజనగరం లోపల పాదిరీలకు ఒక ఇల్లూ స్థలమూ దొరికాయి. బీజింగ్‌లోని ఉత్తర చర్చి పుట్టింది అలాగే. 1708లో పట్టపు యువరాజును తొలగించిన గొడవలో ఒళ్ళు చెడినప్పుడు పాదిరీలు ద్రాక్షసారా తాగమన్నారు. రోజూ తాగితే ఆకలి పెరిగిందని మరుసటి ఏడాది చక్రవర్తే చెప్పుకున్నాడు. అంటే విదేశీ సరుకన్న అనుమానం ఆయనకు పెద్దగా లేదు. ప్రశ్న మాత్రం ఎప్పుడూ ఒకటే: ఏ రోగానికి?

ఈ ప్రశ్న ఒక్క చక్రవర్తి చాదస్తం కాదు. వేడి చేసేవి, చలవ చేసేవి అని ప్రతి తిండినీ విడదీసే వైద్యం చైనాలో ఇంటింటా ఉండేది. కొత్త పదార్థం ఏదొచ్చినా ముందు ఆ లెక్కలో చోటు సంపాదించుకోవాలి. పొగాకు అలాగే చోటు సంపాదించింది. 16వ శతాబ్దం చివర స్పెయిన్ వాళ్ళ ఫిలిప్పీన్స్ నుంచి చైనా ఆగ్నేయాన ఉన్న ఫూజియన్ తీరానికి వచ్చిన ఈ మొక్కను మింగ్ కాలపు వైద్యుడు జాంగ్ జియెబిన్ ఒళ్ళు వేడెక్కించి విషవాయువులను విరిచే మందుగా రాశాడు. నైరుతి మూలన ఉన్న యునాన్ మీది దండయాత్రలో సైన్యమంతా జబ్బుపడితే ఒక్క దండు మాత్రం చెక్కుచెదరలేదట, కారణం వాళ్ళంతా పొగ తాగేవాళ్ళట. మందుగా లోపలికి వచ్చింది అలవాటుగా మారడానికి ఎంతోకాలం పట్టలేదు. 1639లో చోంగ్‌జెన్ చక్రవర్తి పొగాకును నిషేధించి, అమ్మితే తల తీయిస్తానన్నాడు. కొన్నేళ్ళకే ఆ నిషేధం ఎత్తేయాల్సి వచ్చింది, ఉత్తర సరిహద్దు చలిలో కాపలా కాసే సైనికులు పొగాకు లేకుండా ఉండలేకపోయారు.

ముక్కుపొడుం దారి కొంచెం వేరు, అది పైనుంచి కిందికి దిగింది. 1684లో కాంగ్‌షీ నాన్‌జింగ్ వచ్చినప్పుడు పాదిరీలు కానుకలు పెడితే మిగతావన్నీ తిరిగిచ్చేసి పొడుం మాత్రం ఉంచుకున్నాడంటారు. 1696లో రాజమందిరానికి సొంతంగా ఒక గాజు కార్ఖానా పెట్టించి, దాన్ని జర్మన్ పాదిరీ కిలియన్ స్టుంఫ్‌కు అప్పజెప్పాడు. అక్కడ గాజు పొడుం సీసాలు తయారయ్యాయి. తర్వాత పింగాణీ, జేడ్ రాయి, స్ఫటికం, ఏది దొరికితే దానితో సీసాలు చేశారు. పొడుం బయటిది, సీసా మాత్రం అచ్చంగా చైనాది. 18వ శతాబ్దంలో త్సావ్ షుయెచిన్ రాసిన పెద్ద నవలలో జలుబు చేసి ముక్కు పట్టేసిన దాసీపిల్లకు పొడుం ఇచ్చే ఘట్టం ఒకటుంది. చదునైన గాజు డబ్బా, మూత లోపల రెక్కలున్న పసుపుపచ్చ జుట్టు అమ్మాయి బొమ్మ. ఆ పిల్ల గట్టిగా పీల్చి, ఐదారుసార్లు వరసగా తుమ్మి, కళ్ళూ ముక్కూ కారుతుంటే హాయిగా ఉందంటుంది. ఆ డబ్బా మీది దేవత ఎవరో ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు, తెలుసుకోవాలన్న ఆత్రమూ లేదు. జలుబు వదిలింది, చాలు.

అదే నవలలో పల్లెటూరి ముసలమ్మ ఆ ఇంటికి వచ్చి, స్తంభానికి తగిలించిన పెట్టె కింద తక్కెడ రాయిలాంటిది ఊగుతుంటే అదేమిటో అర్థంకాక తెల్లబోతుంది. అంతలో అది టంగుమని మోగేసరికి ఉలిక్కిపడుతుంది. గడియారం అప్పటికే డబ్బున్న లోగిళ్ళలో మామూలు వస్తువైపోయిందన్నమాట. దాని రాక 1601లో. ఇటలీ పాదిరీ మత్తెయో రిచ్చీ వాన్లీ చక్రవర్తికి గడియారాలు కానుకగా పట్టుకెళ్ళాడు. గడియారంలో ఒక సౌకర్యం ఉంది: అది ఆగిపోతుంది. ఆగిపోతే తిప్పడానికి మనిషి కావాలి. అంతఃపురంలోని నలుగురు నపుంసక ఉద్యోగులకు దాని పని నేర్పించే బాధ్యత రిచ్చీ మీద పడింది, ఆ వంకతో ఆయన బీజింగ్‌లో పాతుకుపోయాడు. చింగ్ కాలానికి వచ్చేసరికి రాజమందిరంలో గడియారాలు చేసే కార్ఖానా ఒకటి నడిచేది. దక్షిణాది రేవు గ్వాంగ్‌జౌ పనివాళ్ళు కూడా చేయడం నేర్చేసుకున్నారు. ఆ సేకరణలో మిగిలినవి ఇప్పటికీ బీజింగ్ రాజప్రాసాద మ్యూజియంలో వెయ్యికి పైగా ఉన్నాయి.

ఇక్కడే చియెన్‌లాంగ్ చక్రవర్తి రాసిన ప్రసిద్ధమైన ఉత్తరం సంగతి చెప్పుకోవాలి. 1793లో ఇంగ్లండ్ రాయబారి మకార్ట్‌నీ వచ్చినప్పుడు మూడో జార్జ్ రాజుకు చియెన్‌లాంగ్ రాసిన ఉత్తరంలో, వింత వస్తువులంటే మాకు మోజు లేదు, మీ దేశపు సరుకులు మాకు ఏమాత్రం అక్కర్లేదు అన్న అర్థంలో వాక్యాలున్నాయి. చైనా గర్వానికి రుజువుగా వందేళ్ళ నుంచి అందరూ ఎత్తి చూపించేవి ఈ వాక్యాలే. కానీ ఇదే చియెన్‌లాంగ్ 1749లో గ్వాంగ్‌డాంగ్ అధికారులకు ఇచ్చిన ఆజ్ఞ వేరేలా ఉంది. ఇంతకుముందు పంపిన గడియారాలు అసలు విదేశీవి కావు, ఇకమీదట పంపితే సముద్రం అవతల తయారైనవే పంపండి అని. లోకల్ మాల్ ఇచ్చి మోసం చేస్తున్నారని కోప్పడిన కొనుగోలుదారుడు ఈయన.

మకార్ట్‌నీకి ఆ నిజం అక్కడే బోధపడింది. రెహె వేసవి విడిదిలో మండపాలు తిప్పి చూపిస్తుంటే, ఒక్కొక్క దాంట్లో యూరప్ గడియారాలు, పాటలు పాడే యంత్రపు బొమ్మలు, గ్రహగోళాలు కుప్పలుగా కనిపించాయి. తాను తెచ్చిన కానుకలు వీటి ముందు తల దించుకోవాల్సిందేనని డైరీలో రాసుకున్నాడు. ఈ మకార్ట్‌నీ తెలుగువాళ్ళకు పూర్తిగా పరాయివాడేం కాదు. 1781 నుంచి 1785 దాకా మద్రాసు గవర్నరు ఈయనే, ఉత్తర సర్కారుల జిల్లాలు అప్పుడు మద్రాసు కిందే ఉండేవి. బీజింగ్‌లో అడిగినవన్నీ కాదన్నారు. ఆయన అడిగినవి కొత్త రేవులు, సుంకాల తగ్గింపు, రాజధానిలో శాశ్వత రాయబారి. ఉత్తరంలోని 'అక్కర్లేదు' అసలు ఈ కోరికలకు జవాబు, సరుకు ప్రస్తావన అందుకు వంక మాత్రమే. బేరం తెగకూడదనుకున్నప్పుడు వస్తువు నచ్చలేదనడం ఏ సంతలోనైనా ఉన్నదే. ఇంగ్లండ్ తెచ్చిన గుర్రపు బళ్ళ గతి మరీ అన్యాయం. బండి తోలేవాడు చక్రవర్తి కన్నా ఎత్తున, ఆయనకు వీపు తిప్పి కూర్చోవడమేమిటని అధికారులు ముక్కున వేలేసుకున్నారు. 1860లో ఇంగ్లీషు, ఫ్రెంచి సైన్యాలు వేసవి ప్రాసాదాన్ని దోచుకున్నప్పుడు ఆ బళ్ళు వాడకుండా అలాగే పడి ఉన్నాయి.

చక్రవర్తుల దాకా వెళ్ళిన సరుకులకు కాగితాల సాక్ష్యం ఎక్కువ, అందుకే చరిత్రలో వాటి గురించే మాట్లాడతారు. చైనా జీవితాన్ని నిజంగా మార్చిన వస్తువులు మాత్రం ఏ రాయబారి చేతులమీదుగానూ రాలేదు. 1567లో మింగ్ ప్రభుత్వం సముద్ర వ్యాపారం మీద నిషేధాన్ని సడలించింది, 1571లో స్పెయిన్ వాళ్ళు మనీలాలో స్థిరపడ్డారు. ఫూజియన్ వర్తకుల ఓడలు పట్టు, పింగాణీ తీసుకెళ్ళి మెక్సికో వెండి తెచ్చుకునేవి. వెండితో పాటు మొక్కలూ వచ్చాయి. 1593లో చెన్ జెన్‌లాంగ్ అనే ఫూజియన్ వర్తకుడు చిలగడదుంప తీగను తాళ్ళలో కలిపి పేని, స్పెయిన్ కాపలావాళ్ళ కళ్ళు కప్పి తెచ్చాడని చెబుతారు. మరుసటి ఏడాది ఫూజియన్‌లో కరువొచ్చింది. గవర్నరు జిన్ షుయెజెంగ్ దీన్ని నాటించమని ప్రచారం చేయించాడు. వరి పండని కొండవాలుల్లో, ఇసుక నేలల్లో కూడా ఇది ఊరింది. ఏ రోగానికన్న ప్రశ్నకు దీని జవాబు ఆకలి. ఆ తర్వాత 1700 నుంచి 1800 లోపు చైనా జనాభా సుమారు 15 కోట్ల నుంచి 30 కోట్ల పైకి పెరిగింది. అదంతా దుంప చలవేనంటే అతిశయోక్తి. కానీ కొండల మీదికి వలసపోయిన కుటుంబాలకు దుంపా మొక్కజొన్నా లేకపోతే అక్కడ బతుకు లేదు.

మిరప కథ ఇంకా తమాషాగా ఉంటుంది. 1591లో గావ్ లియన్ అనే ఆయన దాన్ని తొలిసారి ప్రస్తావిస్తూ తెల్లపూలు, అరిగిపోయిన కుంచె మొనలా ఉండే కాయలు, కారం రుచి, ఎర్రటి రంగు, చూడ్డానికి బాగుంటుంది అని రాశాడు. పూలకుండీ మొక్క! తినడానికి వంద ఏళ్ళకు పైగా పట్టింది. అదీ ధనికుల ఇళ్ళలో మొదలవ్వలేదు. సముద్రానికి దూరంగా, ఉప్పు దొరకడమే కష్టమైన గ్విజౌ కొండల్లో, ఉప్పుకు బదులు మిరప తింటున్నారని 1720ల మొదట్లో అక్కడి స్థానిక గ్రంథం ఒకటి నమోదు చేసింది. చప్పిడి కూటికి ఏదో ఒక రుచి కావాలి, ఆ పనికి అంతకుముందు ఎవరూ లేరు. అక్కణ్ణుంచి హునాన్, సిచువాన్‌లకు పాకింది. ఇప్పుడు గుంటూరు, ఖమ్మం మార్కెట్లలో తేజ రకం ధర చైనా ఆర్డర్లను బట్టి ఊగుతోందంటే ఆ కొండ పల్లెల పేదరికం కూడా అందులో ఒక కారణమే.

కాఫీ దగ్గరికి వస్తే, అది రావడానికి అవకాశాలు తక్కువేం లేవు. జెంగ్ హె నౌకాదళం 15వ శతాబ్దం మొదట్లోనే ఏడెన్ దాకా వెళ్ళింది. కానీ ఆ యాత్రలు 1433లో ఆగిపోయాయి, యెమెన్ సూఫీలు కాఫీ తాగినట్టు గట్టి ఆధారాలు ఆ శతాబ్దం మధ్య నుంచే కనిపిస్తాయి. 18వ శతాబ్దానికి పరిస్థితి వేరు. డచ్చివాళ్ళు జావాలో కాఫీ పండించి 1710ల నుంచి ఆమ్‌స్టర్‌డామ్‌లో అమ్ముతున్నారు. జావాలోని వాళ్ళ రేవు బటావియా (ఇప్పటి జకార్తా) నుంచే వాళ్ళ ఓడలు గ్వాంగ్‌జౌ వెళ్ళేవి. చైనా ఓడలూ బటావియా వచ్చేవి. కాఫీ చైనా పక్కనుంచే ఏటా ప్రయాణం చేసింది.

అయినా దిగలేదు, ఎందుకంటే దింపాలని ఎవరికీ లేదు. 1757 తర్వాత యూరప్ వ్యాపారమంతా గ్వాంగ్‌జౌ ఒక్క రేవుకే పరిమితం. నది ఒడ్డున వరసగా కొఠీలు. వ్యాపార సీజన్ నడిచినన్నాళ్ళూ వర్తకులు అక్కడ, సీజన్ అయిపోతే మకావ్‌కు. ఆడవాళ్ళకు ప్రవేశం లేదు. ఆ కొఠీల భోజనాల బల్ల మీద కాఫీ ఉండేది, అది వాళ్ళ సొంతానికి తెచ్చుకున్నది. వాళ్ళు వచ్చింది టీ కొనడానికి. 1800 నాటికి ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ ఒక్కటే ఏటా రెండు కోట్ల పౌన్ల బరువుకు పైగా తేయాకు కొంటోంది. బదులు ఇవ్వడానికి ఏదీ చాలక, ఉన్ని బట్టలను నష్టానికి అమ్ముతూ, మిగతాది వెండిలో కడుతూ తంటాలు పడేది. చైనావాళ్ళకు ఏం కావాలో కనిపెట్టిన వాళ్ళకు మాత్రం లాభం వచ్చింది. చైనాలో మందుగా వాడే జిన్సెంగ్ వేరు అందుకు మంచి ఉదాహరణ. బీజింగ్ పాదిరీ జార్తూ మంచూరియాలో దాన్ని చూసి రాసిన వర్ణన చదివి, 1716లో కెనడా అడవుల్లో లాఫితో అనే మరో పాదిరీ దానికి దగ్గరి చుట్టమైన మొక్కను వెతికి పట్టుకున్నాడు. 1784లో న్యూయార్క్ నుంచి చైనాకు బయల్దేరిన మొదటి అమెరికన్ ఓడలో ముఖ్యమైన సరుకు ఆ వేరే, దాదాపు 30 టన్నులు. అడవి వేరు అమ్ముడుపోయింది, ఎందుకంటే దానికి పని ముందే సిద్ధంగా ఉంది. నల్లమందు వ్యాపారం కూడా ఇదే తెలివి, పాపిష్టి రూపంలో. మందుగా పాతకాలం నుంచీ తెలిసిన పదార్థం, పొగాకు గొట్టం పట్టడం నేర్చిన దేశంలో పొగగా మారింది. 1729లో యోంగ్‌జెంగ్ చక్రవర్తి దాని అమ్మకాన్ని నిషేధించినా ఆగలేదు. 1830ల చివరికి ఏటా 30 వేల పెట్టెలు దాటిపోయింది.

కొఠీల కాఫీని చైనావాళ్ళు చూడకపోలేదు. రువాన్ యువాన్ పర్యవేక్షణలో 1822లో పూర్తయిన గ్వాంగ్‌డాంగ్ రాష్ట్ర గ్రంథంలో విదేశీ మద్యాల వరసలో ఒక నల్ల మద్యం గురించి ఉంది. విదేశీ దయ్యాలు భోజనం అయ్యాక దీన్ని తాగుతారు, అరుగుదలకు మంచిదంటారు అని. ఇది కాఫీయేనని చరిత్రకారులు అంటారు. రాసిన పండితుడు దాన్ని రుచి చూసినట్టు లేదు. పక్కన నిలబడి, వడ్డించే దుబాసీని అడిగి రాసుకున్నట్టుంది. అరుగుదల అన్న ఒక్క సుగుణమైనా దొరికింది కాబట్టి రాశారు. కానీ అరగడానికి అక్కడ టీ ఉంది, అల్లం ఉంది, నారింజ తొక్క ఉంది.

ఇంకో అడ్డంకి గురించి తక్కువ మాట్లాడతారు. చిలగడదుంప తీగ ముక్క మట్టిలో గుచ్చితే చాలు. పొడుం డబ్బా తెరిచి పీల్చడమే. కాఫీ అలా కాదు. పచ్చి గింజల బస్తా దొరికినా, వేయించడం తెలియాలి, మర ఉండాలి, కాచే పాత్ర ఉండాలి, పంచదార కావాలి, చాలామందికి పాలు కావాలి. చింగ్ పాలకులైన మంచూ రాజవంశం పాలు కలిపిన టీ తాగేది గానీ దక్షిణాది హాన్ చైనీయుల వంటిళ్ళలో పాలకు పెద్దగా చోటు లేదు. వస్తువు కాదు, ఒక వంటిల్లే రావాలి. ఆ వంటిల్లు వచ్చింది ఇంగ్లండ్‌తో జరిగిన నల్లమందు యుద్ధం తర్వాతే. 1842 సంధితో షాంఘై లాంటి రేవులు తెరుచుకున్నాయి, ఈసారి వర్తకుల వెంట భార్యలూ పిల్లలూ వచ్చారు. వాళ్ళకు వండిపెట్టేది చైనా వంటవాళ్ళు.

1866లో షాంఘైలో అచ్చయిన పాశ్చాత్య వంటల పుస్తకం ఆ వంటవాళ్ళ కోసమే. అమెరికన్ మిషనరీ భార్య మార్తా క్రాఫర్డ్ దాన్ని చైనా భాషలో తయారుచేసింది. అందులో కాఫీ పద్ధతి ఉంది: ఎక్కువ సెగ మీద గింజలు వేయించాలి, అట్లకాడతో తిప్పుతూనే ఉండాలి, మాడి నల్లబడనివ్వకూడదు. వేగిన వెంటనే వేడి మీదే కొంచెం వెన్న వేసి, మూత ఉన్న సీసాలో పెట్టి గట్టిగా మూయాలి. కావాల్సినప్పుడు అప్పటికప్పుడు పొడి చేసుకోవాలి. ఇందులో ఏ రోగానికో రాసి లేదు. దొరసాని అడిగితే చేసిపెట్టాలి, అంతే. అయితే షాంఘై వీధుల్లో మాత్రం జనం కాఫీని చాలాకాలం దగ్గుమందు అనే పిలిచేవారని చెబుతారు. నల్లగా, చేదుగా, సీసాలోంచి వచ్చేదానికి వాళ్ళకు తెలిసిన గడి అదొక్కటే.

సామ్రాజ్యం ముగిసే రోజులకు షాంఘై డబ్బున్నవాళ్ళలో విదేశీ హోటల్ భోజనం ఒక ఫ్యాషన్ అయింది. 1909 నాటి పద్యాలు కొన్ని ఆ విందులను వెక్కిరిస్తాయి: మొదట సూప్, అన్నానికి బదులు పుడింగ్, కాఫీ తాగగానే ఎవరి దారిన వాళ్ళు. అలా కాఫీకి చివరికి ఒక పని దొరికింది, విందు అయిపోయిందని చెప్పడం.

మొక్కగా దాని కథ యునాన్‌లో వేరే నడిచింది. 19వ శతాబ్దం ముగిసి 20వది మొదలయ్యే రోజుల్లో ఒక ఫ్రెంచి పాదిరీ బిన్‌చువాన్ దగ్గర జూకూలా అనే కొండ గ్రామంలో కాఫీ మొక్కలు నాటాడు, తన కప్పు కోసం. ఊరివాళ్ళు ఆయనతో పాటు వేయించి తాగడం నేర్చుకున్నారు. చుట్టుపక్కల ఊళ్ళకు మాత్రం అది పాకలేదు. ఈనాడు చైనా పండించే కాఫీలో నూటికి తొంభై వంతులకు పైగా యునాన్‌దే. పెద్దయెత్తున తోటలు వేసింది 1950ల్లో. అప్పుడు కూడా చైనాలో తాగడానికి కాదు, సోవియట్ యూనియన్‌కూ తూర్పు యూరప్‌కూ ఎగుమతి చేయడానికి.